ఆ జాగ ఎవరిది? – బైతుల్ మఖ్దిస్ చరిత్రపై కొన్ని మాటలు

రంజాన్ నెలలో జకాత్ సొమ్ము వసూలుకు తిరిగేటప్పుడు ఇంటింటా ఒకే ప్రశ్న ఎదురయ్యేది: "ఈ డబ్బులో వితంతువులకెంత, పిల్లల ఫీజులకెంత?" 2023 అక్టోబరు తర్వాత ఇంకో ప్రశ్న తోడైంది: "ఫలస్తీనా సంగతేమిటి?" ఆ ఆవేదనను మేము అర్థం చేసుకోగలం. కానీ ఈ వ్యాసం రాయాలనిపించింది ఆ ప్రశ్న వల్ల కాదు, ఒక కాలేజీ హాస్టల్లో జరిగిన గొడవ వల్ల. మన పిల్లలు ఒక వాట్సాప్ స్టేటస్ పెట్టారు, వాళ్ల క్రైస్తవ స్నేహితులు ఇంకోటి పెట్టారు. మాటామాటా పెరిగింది. రెండు వైపుల పెద్దలం వెళ్లి కూర్చోబెట్టాం. "వాళ్లంతా 1948లో వచ్చిన పరాయివాళ్లు, అంతకుముందు అక్కడ ఒక్క యూదుడూ లేడు" అన్నాడు మన పిల్లవాడు. "మీరే కత్తితో వచ్చి మా గుడి గుంజుకున్నరు" అన్నాడు అవతలి పిల్లవాడు. రెండూ తప్పే. బయటికొచ్చాక పాస్టర్ గారు మాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "సాబ్, అసలు ఆ జాగ కథేందో మనకే సక్కగ తెల్వదు. పిల్లలకేం చెప్తం?"

అందుకే ఈ సంచికలో ఆ జాగ కథను, మాకు తెలిసినంతవరకు, మనకు నచ్చే భాగాలతో పాటు నచ్చని భాగాలు కూడా కలిపి చెప్పే ప్రయత్నం చేస్తున్నాం.

ముందు జాగ ఎంతో చూద్దాం. ప్రపంచమంతా కొట్లాడుకుంటున్న హరమ్ షరీఫ్ ఆవరణ సుమారు 35 ఎకరాలు. మన పాలమూరులో ఒక పెద్ద రైతు చెలకలు అంతకంటే ఎక్కువే ఉంటాయి. ఆ 35 ఎకరాల్లో నడుమ బంగారు గుమ్మటం ఉన్న కట్టడం ఖుబ్బతుస్ సఖ్రా, అంటే శిల మీది గుమ్మటం. దక్షిణపు కొసన బూడిద రంగు గుమ్మటంతో ఉన్నది జుమా నమాజు జరిగే మస్జిద్. ముస్లిం పండితుల మాట ప్రకారం ఈ ఆవరణ మొత్తం మస్జిదె అఖ్సాయే. మన హోటళ్లలో, కిరాణా కొట్లలో వేలాడే క్యాలెండర్ల మీద బంగారు గుమ్మటం బొమ్మ వేసి కింద "మస్జిదె అఖ్సా" అని రాస్తారు. అది ఆవరణలో ఒక భాగం మాత్రమే అని చాలామందికి తెలియదు.

ఇదే జాగను యూదులు 'ఆలయ పర్వతం' అంటారు. దావూద్ (అ) కుమారుడు సులైమాన్ (అ) కట్టించిన ఆరాధనాలయం ఇక్కడే ఉండేదని వారి విశ్వాసం. సులైమాన్ (అ) మనకూ ప్రవక్తే. బైతుల్ మఖ్దిస్‌ను ఆయన నిర్మించారని మన హదీసు గ్రంథాలూ చెబుతాయి. అక్కడ యూదుల ఆలయమే లేదని ఈ మధ్య కొందరు మనవాళ్లు వాదిస్తున్నారు. అలా అంటే మన సంప్రదాయాన్నే మనం కాదన్నట్టవుతుంది. ఆ మొదటి ఆలయాన్ని క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో బాబిలోన్ రాజు నెబుకద్నెజరు నేలమట్టం చేశాడు. తర్వాత కట్టిన రెండో ఆలయాన్ని హేరోదు రాజు విస్తరించాడు. క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ దాన్నీ కాల్చివేశాడు. ఇవాళ యూదులు తల ఆనించి ప్రార్థించే పడమటి గోడ ఆ ఆలయపు తిన్నెకు ఊతంగా కట్టిన గోడ. క్రీ.శ. 135లో యూదుల తిరుగుబాటును అణచిన రోమన్లు వారికి నగరంలో అడుగుపెట్టే హక్కే లేకుండా చేశారు. కాబట్టి యూదులను ఆ ఊరి నుంచి వెళ్లగొట్టినది ముస్లిములు కారు. ఇస్లాం రావడానికి ఇంకా అయిదు వందల ఏళ్లుంది.

క్రైస్తవులకు ఆ ఊరు ఈసా (అ) బోధించిన ఊరు. వారి విశ్వాసం ప్రకారం ఆయన సిలువ మరణం పొంది తిరిగి లేచిన ఊరు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి కట్టించిన సమాధి చర్చి 335లో ప్రారంభమైంది. మన జిల్లాల క్రైస్తవులకు ఈ ఊరితో అనుబంధం దూరపు మాట కాదు. 19వ శతాబ్దం చివర్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు పాలమూరులో మకాం పెట్టారు. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీ ఫ్రీసెన్ నల్లగొండలో మిషన్ మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఊరిలో కడపటి వాడల్లో బతికిన పేదల నోట సీయోను, బేత్లెహేము, కల్వరి అనే పేర్లు నాలుగు తరాలుగా నడుస్తున్నాయి. మనం హజ్‌కు వెళ్లినట్టే వాళ్లూ రూపాయి రూపాయి కూడబెట్టి యెరూషలేము వెళ్లి, యొర్దాను నీళ్లు సీసాలో తెచ్చుకుంటున్నారు.

ఇక తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారంటే మన పాఠకుల్లో చాలామంది నమ్మకపోవచ్చు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని పిలుచుకునే కొన్ని కుటుంబాలున్నాయి. మాదిగ కులం నుంచి, అంతకుముందు క్రైస్తవం నుంచి వచ్చిన ఈ కుటుంబాలు తాము ఇజ్రాయెల్ పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటాయి. 1990ల మొదట్లో చిన్న సినగాగు కట్టుకున్నారు. వారి వాదనను చరిత్రకారులు ఒప్పుకున్నా లేకున్నా, శుక్రవారం సాయంత్రం ఆ ఊళ్లో జెరూసలేం వైపు తిరిగి ప్రార్థించే తెలుగువాళ్లున్నారు. కాబట్టి మూడు మతాల నోటా ఆ ఊరి పేరు తెలుగులో పలుకుతోంది.

మనకు ఆ ఊరు మొదటి ఖిబ్లా. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా వచ్చిన తర్వాత కూడా పదహారు, పదిహేడు నెలలు బైతుల్ మఖ్దిస్ వైపే తిరిగి నమాజు చేశారు. ఇస్రా, మేరాజ్ ప్రయాణం అక్కడికే. అందుకే మక్కా, మదీనాల తర్వాత మూడో పవిత్ర స్థలం అదే.

ఇప్పుడు కత్తి విషయానికి వద్దాం. ముస్లిం సైన్యం ఆ నగరాన్ని ముట్టడించిన మాట నిజం. 637–638 ప్రాంతంలో నగరం లొంగిపోయింది. అయితే ఊచకోత జరగలేదు, చర్చిలు కూలలేదు. క్రైస్తవ మతాధిపతి సోఫ్రోనియస్ నుంచి హజ్రత్ ఉమర్ (రజి) నగరాన్ని ఒప్పందం మీద స్వీకరించారు. నమాజు వేళయినప్పుడు చర్చిలో చేయమన్నా ఆయన బయటే చేశారని, లోపల చేస్తే రేపు ముస్లిములు ఈ చోటు మాది అంటారని అన్నారని మనం ఖుత్బాల్లో వింటుంటాం. ఈ కథను ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు రాసిపెట్టినవారిలో ఒకరు క్రైస్తవ మతాధిపతే. అచ్చంగా అలాగే జరిగిందా అన్నది పక్కన పెట్టినా, క్రైస్తవులే ఉమర్ (రజి) గురించి ఆ మాట చెప్పుకున్నారన్నది గమనించదగిన సంగతి. యూదుల విషయానికొస్తే, ఆ ఒప్పందంలో యూదులు నగరంలో ఉండకూడదన్న షరతు ఉందని తబరీ చరిత్ర చెబుతుంది. కైరోలో దొరికిన యూదుల పాత పత్రాలు మాత్రం వేరుగా చెబుతాయి. యూదులు 200 కుటుంబాలకు అనుమతి అడిగితే క్రైస్తవులు ఒప్పుకోలేదని, ఉమర్ (రజి) మధ్యస్థంగా 70 కుటుంబాలకు అనుమతిచ్చారని వాటిలో ఉంది. అయిదు వందల ఏళ్ల నిషేధం తర్వాత యూదులు ఆ ఊళ్లో మళ్లీ ఇల్లు కట్టుకున్నది ముస్లిముల పాలనలో. మన పిల్లలకు ఇది చెప్పాలి.

హిజ్రీ 72లో, అంటే 691–92లో ఖలీఫా అబ్దుల్ మలిక్ ఖుబ్బతుస్ సఖ్రాను పూర్తి చేయించారు. ఆ తర్వాత మస్జిద్ కట్టడం లేచింది.

చెప్పుకోవడానికి ఇష్టం లేనిదీ ఒకటుంది. 1009లో ఫాతిమీ పాలకుడు అల్ హాకిమ్ క్రైస్తవుల సమాధి చర్చిని కూల్చమని ఆజ్ఞాపించాడు. కూల్చారు. అది ఉమర్ (రజి) ఇచ్చిన మాటకు విరుద్ధం. తర్వాత వచ్చిన పాలకులు తిరిగి కట్టుకోనిచ్చారు, కానీ ఐరోపాలో ఆ వార్త మానని పుండుగా మిగిలింది. 1099 జూలై 15న సిలువ యోధులు నగరంలో చొరబడి ముస్లిములను, యూదులను కలిపి చంపారు. అఖ్సా మస్జిద్ రాజభవనమైంది, ఖుబ్బతుస్ సఖ్రా చర్చి అయింది. 88 ఏళ్ల తర్వాత, 1187 అక్టోబరు 2న, సలాహుద్దీన్ అయ్యూబీ నగరాన్ని తిరిగి తీసుకున్నారు. అది హిజ్రీ 583 రజబ్ 27, మేరాజ్ రోజు. ఊచకోతకు ఊచకోతతో బదులు తీర్చుకోలేదు. తల ఒక్కింటికి ఇంత అని విడుదల పైకం కట్టించుకుని వదిలారు. కట్టలేని బీదవాళ్లు వేల సంఖ్యలో బానిసలయ్యారన్న సంగతి మన వక్తలు సాధారణంగా చెప్పరు. ఆ కాలపు యుద్ధ రీతుల్లో చూస్తే అది దయే. అంతమాత్రాన బానిసలు కాలేదని చెప్పడం చరిత్ర కాదు.

ఒట్టోమన్ల కాలంలో, 1517 నుంచి నాలుగు వందల ఏళ్లు, ఆ ఊళ్లో ఒక ఏర్పాటు నడిచింది. 1757, 1852 ఫర్మానాలతో దాన్ని ఖాయం చేశారు. దాన్ని ఇప్పటికీ 'స్టేటస్ కో' అంటారు. మన భాషలో చెప్పాలంటే 'మామూలు'. సమాధి చర్చిలో ఆరు క్రైస్తవ శాఖలకు వాటాలున్నాయి. ఏ మెట్టు ఎవరు ఊడ్వాలి, ఏ దీపం ఎవరు వెలిగించాలి అన్నది పాత మామూలు ప్రకారమే. పై కిటికీ దగ్గర ఒక చెక్క నిచ్చెన 18వ శతాబ్దపు చిత్రాల్లోనే కనిపిస్తుంది. దాన్ని కదిపే హక్కు ఎవరిదో తేలక ఇప్పటికీ అక్కడే ఉంది. నవ్వొస్తుంది గానీ, పీర్ల పండుగలో ఏ పీరు ముందు లేవాలి, సవారీ ఏ గల్లీ నుంచి పోవాలి అన్నదానికి మన ఊళ్లలో ఎన్ని పంచాయతీలు జరగలేదు? జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సులో, జహంగీర్ పీర్ దర్గాలో కందూరు చేసేవాళ్లలో హిందువులు ఎంతమందో మనకు తెలుసు. మొక్కు ఎవరిదైనా కావచ్చు, చేయవలసిన క్రమం మాత్రం పెద్దలు పెట్టినదే. సమాధి చర్చి తాళంచెవి రెండు ముస్లిం కుటుంబాల చేతిలో ఉండటం కూడా అలాంటి మామూలే. జూదే కుటుంబం తాళంచెవి దాస్తుంది, నుసైబా కుటుంబం తలుపు తెరుస్తుంది.

ఇక మన హైదరాబాద్ సంగతి. ఇక్కడ కాస్త ఆగుతాం, ఎందుకంటే ఈ భాగం మన పుస్తకాల్లో తక్కువ.

జెరూసలేం పాత నగరంలో, హేరోదు ద్వారం పక్కన 'జావియా హిందియా' ఉంది, అంటే హిందుస్తానీల సత్రం. 13వ శతాబ్దంలో చిష్తీ సూఫీ బాబా ఫరీదుద్దీన్ గంజ్‌షకర్ (రహ్) అక్కడ కొన్నాళ్లు ఏకాంత ఆరాధనలో గడిపారని, ఆ చోటే తర్వాత సత్రం అయిందని పరంపరగా చెబుతారు. హిందుస్తాన్ నుంచి హజ్‌కు వెళ్లినవాళ్లు అక్కడ దిగి అఖ్సాలో నమాజు చేసేవారు. 1924లో సహారన్‌పూర్ నుంచి వెళ్లిన అన్సారీ కుటుంబపు పెద్ద దాని బాధ్యత తీసుకున్నారు. ఆ కుటుంబమే ఇప్పటికీ చూసుకుంటోంది. శిథిలమైన గదుల్ని బాగు చేయడానికి హిందుస్తాన్ ముస్లిములు చందాలిచ్చారు, వారిలో మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒకరు. అఖ్సా మరమ్మతులకు 1920లలో పాలస్తీనా ముస్లిం కౌన్సిల్ ప్రతినిధులు హిందుస్తాన్ వచ్చి చందా అడిగినప్పుడు కూడా నిజాం ఇచ్చారు. 1933లో జెరూసలేం ముఫ్తీ హాజ్ అమీన్ అల్ హుసైనీ స్వయంగా హిందుస్తాన్ పర్యటనకు వచ్చి, హైదరాబాద్ కూడా వచ్చారు. అఖ్సా పేరిట విశ్వవిద్యాలయం కట్టాలని ఆయన కల. అది కట్టడం జరగలేదు. నిజాం ఖజానా అంటే జిల్లాల శిస్తే. నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతు కట్టిన శిస్తులో పిసరంత అఖ్సా గోడల్లో ఉందని చెప్పుకుంటే తప్పు కాదు. ఆ రైతును ఎవరూ అడగలేదన్నది వేరే సంగతి.

కానీ అదే హైదరాబాద్‌కు ఇంకో ముఖం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉస్మానీ ఖలీఫాకు వ్యతిరేకంగా నిజాం బ్రిటిషువారి పక్షం వహించి, ముస్లిములందరూ బ్రిటిషువారికే విధేయులుగా ఉండాలని పిలుపునిచ్చారు. జోధ్‌పూర్, మైసూర్ దళాలతో పాటు హైదరాబాద్ లాన్సర్లు ఒకే అశ్విక బ్రిగేడులో పాలస్తీనా రంగంలో ఉన్నారు. 1918 సెప్టెంబరు 23న హైఫాను పట్టుకున్నది ఆ బ్రిగేడే. దిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌ది. అంతకు ఏడాది ముందే, 1917 నవంబరు 2న, బాల్ఫోర్ ప్రకటన ద్వారా బ్రిటన్ అక్కడ యూదులకు జాతీయ నివాసం ఇస్తామని మాట ఇచ్చింది. ఇంకొకరి జాగను మూడో మనిషి రాసిచ్చినట్టు. ఆ రాతకోతల వెనుక నిలిచిన సైన్యంలో మనవాళ్లూ ఉన్నారు. ఖిలాఫత్ రద్దయ్యాక చివరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌ను 1931లో నిజాం పెద్ద కొడుకుకు చేసుకున్నారు. అదే ఏడు జనవరిలో ఖిలాఫత్ నాయకుడు మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్‌ను హరమ్ షరీఫ్ పక్కనే ఖననం చేశారు.

బ్రిటిషువారి 1922 జనాభా లెక్కల్లో పాలస్తీనాలో సుమారు 7,57,000 మంది ఉన్నారు. అందులో యూదులు 84,000 లోపు, క్రైస్తవులు 70,000 పైన, మిగిలినవారిలో అత్యధికులు ముస్లిములు. జెరూసలేం నగరం వరకు చూస్తే మాత్రం యూదులే ఎక్కువ. "ఒక్క యూదుడూ లేడు" అన్న మాట ఎందుకు తప్పో, "ఖాళీ భూమికి వచ్చారు" అన్న మాట అంతకంటే ఎందుకు తప్పో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

1929లో పడమటి గోడ దగ్గర కుర్చీలు, తెరలు పెట్టడం మీద మొదలైన వివాదం అల్లర్లయింది. 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు చనిపోయారు. హెబ్రోన్‌లో అరబ్బుల మూకలు 67 మంది యూదులను చంపాయి. అదే ఊళ్లో పొరుగు అరబ్బు ఇళ్లు ఎందరో యూదులను దాచి కాపాడాయి. తర్వాత వచ్చిన అంతర్జాతీయ కమిషన్ విచారించి, గోడ, దాని ముందరి వాకిలి ముస్లిం వక్ఫ్ ఆస్తి అని, అక్కడ ప్రార్థించుకునే హక్కు యూదులకు ఉందని తీర్పు చెప్పింది. ఆస్తి ఒకరిది, మామూలు ఇంకొకరిది. మున్తఖబ్ కాగితాలు పట్టుకుని వక్ఫ్ ఆఫీసు చుట్టూ తిరిగే మన ముతవల్లీలకు ఈ తేడా బాగా తెలుసు.

ఆ తీర్పు ఎన్నాళ్లో నిలవలేదు. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి పాలస్తీనాను పంచింది. జనాభాలో మూడో వంతు ఉన్నవారికి సగానికి మించిన భూమి, జెరూసలేం ఎవరికీ కాకుండా అంతర్జాతీయ పాలన కింద. భారతదేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. విచిత్రమేమిటంటే సరిగ్గా అదే రోజు హైదరాబాద్ నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం మీద సంతకం చేశారు. 1948 అనగానే మన పెద్దల ఇళ్లలో వేరే కథలు వినిపిస్తాయి. పోలీస్ యాక్షన్ తర్వాత ఊరు వదిలి పట్నం చేరిన కుటుంబాలు, తాళం వేసి వచ్చిన ఇళ్లు. అంతకుముందు రజాకార్ల చేతుల్లో కాలిన నల్లగొండ ఊళ్లు. రెండూ చూసిన జిల్లాలు మనవి. అందుకే పాలస్తీనాలో ఆ ఏడు సుమారు 7 లక్షల మంది ఇళ్లు వదిలారంటే, ఇప్పటికీ కొందరి ఇళ్లలో ఆ తాళంచెవులు గోడకు వేలాడుతున్నాయంటే, ఆ దుఃఖం మనకు కొత్తగా వివరించనక్కరలేదు. దేర్ యాసీన్ అనే ఊళ్లో యూదు సాయుధ దళాలు నూరుమందికి పైగా చంపిన వార్త ఆ పారిపోవడానికి ఒక కారణం.

1948 నుంచి 1967 దాకా పాత నగరం జోర్డాన్ చేతిలో ఉంది. ఆ 19 ఏళ్లు యూదులను గోడ దగ్గరికి రానివ్వలేదు, యూదుల పేటలో సినగాగులు పాడయ్యాయి. ఇదీ మన ఖాతాలోనే రాసుకోవాలి. 1967 జూన్‌లో ఇజ్రాయెల్ నగరాన్ని పట్టుకున్న మూడు నాలుగు రోజులకే గోడ ముందున్న మగారిబా పేటను బుల్డోజర్లతో కూల్చి మైదానం చేసింది. ఎనిమిది వందల ఏళ్ల నాడు సలాహుద్దీన్ కొడుకు అల్ అఫ్దల్ వక్ఫ్ చేసిన పేట అది. హరమ్ ఆవరణ నిర్వహణను మాత్రం జోర్డాన్ కింది వక్ఫ్‌కే వదిలింది. ఇతరులు చూడవచ్చు, నమాజు ముస్లిములకే అన్నది అప్పటి ఏర్పాటు. ఇప్పుడు ఆ మామూలే కొద్దికొద్దిగా చెదిరిపోతోంది, అక్కడి భయం అదే. 1994లో హెబ్రోన్‌లోని ఇబ్రాహీమీ మస్జిద్‌లో ఒక యూదు ఉన్మాది నమాజులో ఉన్న 29 మందిని కాల్చి చంపాడు. ఆ తర్వాత ఆ మస్జిద్‌నే రెండుగా పంచారు. అఖ్సాకు కూడా అదే గతి పడుతుందేమో అని పాలస్తీనీయులు అడుగడుగునా అనుమానించడానికి కారణం ఇది.

1969 ఆగస్టు 21న అఖ్సాకు నిప్పు పెట్టి, సలాహుద్దీన్ తెచ్చి నిలిపిన మింబర్‌ను కాల్చినవాడు యూదుడు కాదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక క్రైస్తవ మతోన్మాది. అది చూపి మన ఊరి పాస్టర్ గారిని నిలదీయడం ఎంత అసంబద్ధమో, ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసినదానికి కొత్తరెడ్డిపాలెం కుటుంబాలను తిట్టడమూ అంతే. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, దాదాపు 250 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ తర్వాత గాజాలో పదుల వేల ప్రాణాలు పోయాయి. వారిలో పసిపిల్లలు ఎందరో. గాజాలోని చిన్న క్రైస్తవ సమాజం తలదాచుకున్న చర్చిల మీదా బాంబులు పడ్డాయి. హాస్టల్లో అవతలి పిల్లవాడికి ఈ సంగతి తెలియదు, మన పిల్లవాడికీ తెలియదు.

సొమ్ము గురించి అడిగినవారికి మా జవాబు: జకాత్ పద్దు వేరు, సదఖా పద్దు వేరు. దేశం బయటికి డబ్బు పంపడానికి చట్టబద్ధమైన దారులు ఉన్నాయి. ఊరూ పేరూ లేని క్యూఆర్ కోడ్‌కు పంపే ముందు మా ఆఫీసులో ఒకసారి అడగండి.

కిందటేడు మా సొసైటీ క్యాలెండర్ మీద కూడా బంగారు గుమ్మటం కింద "మస్జిదె అఖ్సా" అనే ఉంది. ఈ ఏడు ఆవరణ మొత్తం కనిపించే బొమ్మ వేయించాం. గుమ్మటం పేరు గుమ్మటానికి, మస్జిద్ పేరు మస్జిద్‌కు, పడమటి గోడ పేరు గోడకు రాయించాం. సమాధి చర్చి పైకప్పు కూడా బొమ్మలో ఒక మూలన పడింది, దాని పేరూ రాయించాం. పాస్టర్ గారు తమ చర్చిలో పెట్టుకోవడానికి రెండు కాపీలు అడిగి తీసుకున్నారు.